ఇంటికీ ఒక మార్కుల పత్రం

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ నేను చేసి చూశాను. పరాయి దేశంలో ఇల్లు అద్దెకు తీసుకోవడం మాత్రం మా అమ్మాయి చేసి చూసింది. పక్కన కూర్చొని నేను నేర్చుకున్నాను. బిడ్డలను నర్సింగు చదివించి దూరదేశాలకు పంపుకున్న తల్లిదండ్రులు మన పల్లెల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అమ్మాయి ఉత్తర ఇంగ్లాండులోని ఒక పట్టణంలో ఆసుపత్రి నర్సు. అల్లుడు గోడౌనులో రాత్రి డ్యూటీ చేస్తాడు. 2022 వేసవిలో వారు కొత్త ఇంట్లో దిగారు. అప్పటికి మనవడికి ఏడాది నిండలేదు. వీధి పొడవునా ఒకదానికొకటి అంటుకొని రైలు పెట్టెల్లా ఉండే ఎర్ర ఇటుక ఇండ్లలో అదొకటి. నూరేండ్ల పైబడిన ఇల్లు. మిగతా ఇండ్లకంటే అద్దె నెలకు 90 పౌండ్లు తక్కువ. "చవకగా దొరికింది నాన్నా, పైగా ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు" అని ఫోనులో ఎంతో సంబరంగా చెప్పింది. మేమూ సంతోషించాం. ఇల్లు చూసింది జూలై నెలలో. ఎండ కాస్తున్నప్పుడు చూసిన ఇల్లు చలికాలంలో ఎలా ఉంటుందో అప్పుడు ఎవరికి తడుతుంది?

నవంబరులో నేనూ మా ఇంటావిడా వెళ్లాం. మొదటి రాత్రే తెలిసిపోయింది. గదిలో హీటరు వెలుగుతుంటే కాసేపు వెచ్చగా ఉండేది, ఆపిన అరగంటకు మళ్లీ మంచు. గోడమీద చెయ్యి పెడితే కుండలో నీళ్లు తాకినట్లు చల్లగా తగిలేది. మంచం తలవైపు మూలలో, బీరువా వెనుక, కిటికీ చట్రం చుట్టూ నల్లటి బూజు చుక్కలు చుక్కలుగా లేచి ఉంది. మా ఇంటావిడ సబ్బునీళ్లు, సున్నం, వెనిగరు, తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. తుడిచిన వారానికి మళ్లీ అంతే. పిల్లవాడికి దగ్గు. రాత్రి రెండు గంటలకు లేచి ఏడిస్తే వాడి వీపు నిమురుతూ, ఈ దగ్గు చలికా, బూజుకా అని మా అమ్మాయి ఆలోచించేది. తాను నర్సు కాబట్టి భయం ఇంకా ఎక్కువ.

ఆ ఇంటి మీటరు ముందుగా డబ్బు వేసుకునే మీటరు. మనం సెల్‌ఫోనుకు రీచార్జి చేయించుకున్నట్లే, కొట్టుకు వెళ్లి గ్యాసు కార్డులోనూ కరెంటు తాళంలోనూ డబ్బు వేయించుకొని రావాలి. డబ్బు అయిపోతే వేడి కూడా అయిపోతుంది. అది ధరలు మండిపోతున్న కాలం. ప్రభుత్వ నియంత్రణ సంస్థ నిర్ణయించే ధరల పరిమితి ప్రకారం ఒక సాధారణ కుటుంబానికి గ్యాసు, కరెంటు కలిపి ఏడాది ఖర్చు 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు, 2022 ఏప్రిల్‌లో 1,971 పౌండ్లు. ఆ అక్టోబరునాటికి ప్రభుత్వమే అడ్డుపడి 2,500 దగ్గర ఆపవలసి వచ్చింది. మా వాళ్లకు డిసెంబరులో రోజుకు 11, 12 పౌండ్లు అయ్యేవి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అల్లుడు స్వెట్టరు మీద కోటు తొడుక్కొని పడుకోవడం నేను కళ్లారా చూశాను.

పచ్చ నుండి ఎరుపు దాకా

అక్కడి తెలుగువాళ్లు నెలకొకసారి ఒక చర్చి హాలులో కలుసుకుంటారు. డిసెంబరు కూడికలో భోజనాల దగ్గర మా ఇంటావిడ ఈ బూజు సంగతి ఎత్తింది. పదిహేనేళ్లుగా అక్కడే ఉన్న ఒక సహోదరి చేతిలో పళ్లెం పట్టుకొనే, "అమ్మా, ఇల్లు తీసుకునే ముందు దాని అక్షరం చూశారా?" అని అడిగింది. మాకు అర్థం కాలేదు. ఆమె ఫోను తీసి, మా అమ్మాయి ఇంటి పిన్‌కోడు కొట్టి, ఒక పత్రం చూపించింది. పైన ఏడు రంగుల పట్టీలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. పై మెట్టు ముదురు పచ్చ, అడుగు మెట్టు ఎరుపు. వాటిమీద ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అని అక్షరాలు. ఆ ఇంటికి ఎదురుగా 'ఇ' అని, పక్కన 42 అని ఉంది.

బడిపంతులుగా ముప్పై ఏళ్లు పిల్లలకు మార్కులు వేశాను గాని ఇంటికి మార్కులు వేస్తారని అప్పుడే తెలిసింది. మన దగ్గర ఫ్రిజ్జు కొనేటప్పుడు దాని తలుపుమీద నక్షత్రాలు చూస్తాం కదా, ఐదు నక్షత్రాలుంటే కరెంటు తక్కువ తాగుతుందని. ఇదీ అటువంటిదే, కాకపోతే మొత్తం ఇంటికి. దానిని ఇంధన సామర్థ్య ధ్రువపత్రం అనవచ్చు. అక్కడ అందరూ ఇ.పి.సి. అని పొట్టిపేరుతో పిలుస్తారు. ఇంటికి 1 నుండి 100 వరకు మార్కులు. 92, ఆపైన వస్తే ఏ. 81 నుండి 91 బి, 69 నుండి 80 సి, 55 నుండి 68 డి, 39 నుండి 54 ఇ, 21 నుండి 38 ఎఫ్, అంతకు తక్కువైతే జి. ఇంటి కప్పుమీద సోలారు పలకలుండి, వాడుకున్నదానికంటే ఎక్కువ తయారుచేసే ఇండ్లకు నూరు దాటి కూడా రావచ్చు. (మా బడిలో నూటికి నూటపది తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు.)

ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఈ పత్రం ఉండి తీరాలి. ఇంగ్లాండు, వేల్సులలో అమ్మే ఇండ్లకు ఈ నియమం 2007 ఆగస్టులో పెద్ద ఇండ్లతో మొదలై ఆ ఏడాది చివరికి అన్ని ఇండ్లకూ వచ్చింది. అద్దె ఇండ్లకు 2008 అక్టోబరు నుండి వచ్చింది. మొదట్లో ఇది అమ్మకం కాగితాల పెద్ద కట్టలో ఒక భాగం. ఆ కట్టమీద జనం విసుక్కున్నారు, 2010 మేలో ప్రభుత్వం దానిని ఆపేసింది, ఈ ఒక్క పత్రం మాత్రం నిలిచింది. పదేళ్లు చెల్లుతుంది. ప్రకటనలో కూడా అక్షరం వేయాలి. అద్దెకు వచ్చేవారికి పత్రం ఉచితంగా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా సరే ఆ ఇంటి చిరునామా కొట్టి పైసా ఖర్చు లేకుండా ప్రభుత్వ జాబితాలో చూసుకోవచ్చు.

మా అమ్మాయికి కూడా ఆ పత్రం ఇచ్చారట. సంతకాలు పెట్టిన నలభై పేజీలలో ఎక్కడో ఉంది. "అన్నిటితోపాటు అదీ ఒక కాగితం అనుకున్నాను నాన్నా" అంది. తప్పు ఆమెది అనలేను. పెండ్లి శుభలేఖ తప్ప ఏ కాగితమూ పూర్తిగా చదవని అలవాటు మనది.

ఈ లెక్క ఎక్కడ పుట్టింది

దీని కథ 1973 నాటి చమురు కొరతతో మొదలవుతుంది. అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు చలిదేశాలు వణికిపోయాయి. డెన్మార్కు అప్పట్లో తన ఇంధన అవసరాల్లో నూటికి తొంబై వంతులు దిగుమతి చమురుమీదే ఆధారపడి ఉండేది. ఆ శీతాకాలం ఆదివారాలలో కార్లు నడపకూడదని ఆజ్ఞ వేసింది. ఇంట్లో పుట్టిన వేడి గోడలనుండి, కప్పునుండి వృథాగా పోతుంటే ఎంత చమురు తెచ్చినా చిల్లికుండలో పోసినట్లే అని ఆ దేశంవారు ముందుగా గ్రహించారు. అమ్మే ఇండ్లకు ఇంధన పత్రం తప్పనిసరి చేయడంలో కూడా వారే ముందు. 1997 నుండి అక్కడ అమలులో ఉంది.

ఇంగ్లాండులో మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణంలో 1986లో 51 ఇండ్లు కట్టి ప్రజలకు ప్రదర్శన పెట్టారు. ప్రతి ఇల్లూ ఇంధనం పొదుపు చేసే ఇల్లే. అయితే ఏది ఎంత పొదుపో పోల్చి చెప్పేదెలా? అందుకోసం ఒక లెక్క కట్టారు. దానినుండే 1990లో దేశమంతటికీ పనికివచ్చే మార్కుల పద్ధతి, ఆ వెనుకనే ప్రభుత్వం స్వయంగా వాడే లెక్క వచ్చాయి. తరువాత ఐరోపా సమాఖ్య 2002లో ఒక ఆదేశం ఇచ్చి సభ్యదేశాలన్నిటిలో ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా పత్రం ఉండాలని చెప్పింది. ఇంగ్లాండు పత్రానికి మూలం ఆ ఆదేశమే. సమాఖ్యను వదిలి వచ్చేసినా పత్రాన్ని వదలలేదు.

ఇంగ్లాండు ఇండ్ల సగటు మార్కు 1996లో 45. 2022 నాటికి 67. అంటే మా అమ్మాయి అద్దెకున్న ఇల్లు పాతికేళ్ల కిందటి సగటుకు కూడా అందలేదన్నమాట.

ఒక మనిషి నిచ్చెన వేసుకొని వచ్చాడు

జనవరిలో మా అమ్మాయి బూజు ఫోటోలు తీసి ఇంటి యజమానికి పంపింది. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు: కిటికీలు తెరవండి, బట్టలు ఇంట్లో ఆరవేయకండి, వంట చేసేటప్పుడు ఫ్యాను వేయండి అని. దీనిలో అబద్ధం లేదు. చల్లని నీళ్ల గ్లాసుకు బయట చెమట పడుతుంది కదా, అదే సంగతి. మనుషుల ఊపిరి, అన్నం ఉడికే ఆవిరి, తడిబట్టల చెమ్మ, ఇవన్నీ గాలిలో ఉంటాయి. గోడ చల్లగా ఉంటే దానికి తగిలి నీరవుతాయి, ఆ నీటిమీద బూజు మొలుస్తుంది. కాని ఈ లెక్కలో రెండు వైపులున్నాయి. ఆవిరి తగ్గించడం అద్దెదారు చేతిలో ఉంది, గోడను వెచ్చబరచడం యజమాని చేతిలో ఉంది. బయట మంచు పడుతుంటే పసిబిడ్డ ఉన్న ఇంట్లో కిటికీ ఎంతసేపు తెరుస్తారు? బట్టలు ఇంకెక్కడ ఆరవేస్తారు?

వేరే ఇల్లు చూసుకుంటామని మా వాళ్లు నోటీసు ఇచ్చారు. యజమాని కూడా, అయితే నేను అమ్మేస్తాను అన్నాడు. పాత పత్రం 2013 నాటిది, పదేళ్లు నిండిపోయాయి. కాబట్టి కొత్త పత్రం కోసం ఫిబ్రవరిలో ఒక మదింపుదారుణ్ణి పంపాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఉబుసుపోక అతని వెంట తిరిగాను, అడిగినదానికి అతనూ ఓపికగా చెప్పాడు.

యువకుడు. చేతిలో ఒక పలక కంప్యూటరు, జేబులో దూరం కొలిచే చిన్న యంత్రం, టార్చిలైటు, మడత నిచ్చెన. ముందు గదులన్నీ కొలిచాడు. కిటికీ దగ్గర గోడ మందం చూశాడు. ఇటుకలు పేర్చిన తీరు చూసి ఇది ఒకే గోడ అన్నాడు. 1920ల తరువాత కట్టిన ఇండ్లలో చాలావాటికి రెండు పొరల గోడ, మధ్య ఖాళీ ఉంటుందట. ఆ ఖాళీలో దూదివంటి పదార్థం దట్టిస్తే వేడి నిలుస్తుంది. ఒకే గోడకు ఆ సౌకర్యం లేదు. లోపలనుండో బయటనుండో మందపాటి పలకలు అతికించాలి, ఖర్చు ఎక్కువ. తరువాత నిచ్చెనెక్కి అటక మూత తెరిచి టార్చి వేసి చూశాడు. ఫోటో తీశాడు. అటకమీద పరిచే దూది 270 మిల్లీమీటర్ల మందం ఉండాలని అక్కడి సలహా. ఈ ఇంటిలో యజమాని ఈమధ్యనే కొంత పరిపించాడు, 200 దాకా వచ్చిందన్నాడు. ఏమీ పరచని ఇంట్లో నూటికి పాతిక వంతుల వేడి కప్పునుండే పోతుందట, గోడలనుండి సుమారు మూడోవంతు. ఆపైన బాయిలరు మీది నంబరు రాసుకున్నాడు, రేడియేటర్లు చూశాడు, కిటికీలకు అద్దం ఒకటా రెండా అని చూశాడు, బల్బులు లెక్కపెట్టాడు. మొత్తం నలభై నిమిషాలు.

బూజు మూల చూపించాను. చూసి, తల ఆడించి, "నా ఫారంలో దీనికి గడి లేదు సార్" అన్నాడు. మా వాళ్లు ఆ ఏడాది ఎంత గ్యాసు కాల్చారో బిల్లులు చూస్తావా అంటే, అదీ అక్కరలేదన్నాడు. ఆ పత్రం మనుషుల వాడకాన్ని లెక్కపెట్టదు. ఒక మామూలు కుటుంబం ఒక మామూలు పద్ధతిలో ఉంటే ఎంత ఖర్చవుతుందని లెక్క కడుతుంది. గోడలో ఏముందో తవ్వి చూడరు. ఇల్లు కట్టిన కాలాన్నిబట్టి ఇట్లా ఉంటుందని అనుకొని రాస్తారు. ఇంకొక తిరకాసు కూడా ఉంది. ఆ మార్కు ముఖ్యంగా ఖర్చునుబట్టి వస్తుంది. అక్కడ కరెంటుకంటే గ్యాసు చవక. కాబట్టి ఎంత బాగా కట్టిన ఇల్లయినా మామూలు కరెంటు హీటర్లు పెడితే మార్కు పడిపోతుంది. ఈ లోపాలమీద అక్కడ చాలా వాదనలున్నాయి. పద్ధతిని మార్చాలని 2024 డిసెంబరులో ప్రభుత్వమే ప్రజల అభిప్రాయం అడిగింది.

నాకు మాత్రం బడి పరీక్షే గుర్తుకొచ్చింది. మార్కుల పత్రం చూసి పిల్లవాడి గుణం చెప్పలేం. అట్లాగని పత్రమే అక్కరలేదంటే ఏ తండ్రీ ఒప్పుకోడు.

కొత్త పత్రం రెండు రోజులలో వచ్చింది. 47. ఐదు మార్కులు పెరిగాయిగాని అక్షరం మారలేదు, అదే 'ఇ'.

చట్టం ఎంతవరకు

'ఇ' అక్షరం దగ్గరే అక్కడి చట్టం గీత గీసింది. ఇంగ్లాండు, వేల్సులలో 2018 ఏప్రిల్ 1 నుండి కొత్తగా అద్దెకిచ్చే ఇండ్లకు, 2020 ఏప్రిల్ 1 నుండి అప్పటికే అద్దెలో ఉన్న ఇండ్లకు కూడా, కనీసం 'ఇ' ఉండాలి. ఎఫ్, జి ఇండ్లను బాగుచేయకుండా అద్దెకివ్వకూడదు. అయితే యజమాని పెట్టవలసిన ఖర్చుకు 3,500 పౌండ్ల హద్దు పెట్టారు. అంత పెట్టినా మార్కు రాకపోతే మినహాయింపు నమోదు చేసుకోవచ్చు. తప్పితే జరిమానా 5,000 పౌండ్ల వరకు. అంటే మా వాళ్ల యజమాని చట్టం తప్పలేదు. గీతమీదే నిలబడ్డాడు. ఆ గీతను 2030 నాటికి 'సి' దాకా జరపాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. అట్లా జరిపితే ఖర్చు భరించలేక చిన్న యజమానులు ఇండ్లు అమ్ముకుంటారు, అద్దె ఇండ్లు కరువవుతాయి అని ఒక పక్షం. బిడ్డలు దగ్గుతూ ఉంటే ఎన్నాళ్లు ఆగాలి అని ఇంకొక పక్షం.

ఫ్రాన్సు ఇంకా గట్టిగా ఉంది. ఎఫ్, జి ఇండ్లను అక్కడివారు వేడి జల్లెడలు అంటారు. ఎంత చక్కని పేరు! 2021లో చేసిన చట్టం ప్రకారం 2025 జనవరి 1 నుండి జి ఇండ్లను కొత్తగా అద్దెకివ్వరాదు. 2028లో ఎఫ్ వంతు, 2034లో ఇ వంతు. ఎఫ్, జి ఇండ్లకు 2022 ఆగస్టు నుండే అద్దె పెంచడానికి వీల్లేదు. చట్టం వచ్చాక, చిన్న గదులకు లెక్క అన్యాయంగా ఉందని గోల లేచింది. 40 చదరపు మీటర్లలోపు ఇండ్లకు 2024 జూలైలో లెక్క సవరించారు.

చలి, చెమ్మ అనేవి సుఖానికి సంబంధించిన సంగతులు కావని ఇంగ్లాండుకు ఒక పసివాడి మరణం నేర్పింది. రాచ్‌డేల్ పట్టణంలో సూడాను నుండి వచ్చిన ఒక కుటుంబం సామాజిక గృహ సంస్థవారి ఫ్లాటులో అద్దెకుండేది. గోడలకు బూజు పడుతోందని తండ్రి 2017లోనే ఫిర్యాదు చేశాడు. రంగు వేసుకోమన్నారు. వారి కుమారుడు అవాబ్ ఇషాక్ రెండేళ్ల వయసులో 2020 డిసెంబరులో చనిపోయాడు. ఆ బూజులో ఎక్కువకాలం ఉండటంవల్ల వచ్చిన శ్వాస జబ్బే కారణమని 2022 నవంబరులో విచారణాధికారిణి తేల్చి చెప్పారు. మేము ఆ దేశంలో దిగిన నెల అది. టీవీలో ఆ వార్త వస్తుంటే మా అమ్మాయి లేచి కట్టేసింది. ఆ బిడ్డ పేరుమీదనే చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుండి సామాజిక గృహాల యజమానులు ప్రమాదకరమైన చెమ్మ, బూజు సంగతి తెలిసిన 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. ప్రాణాపాయమైతే 24 గంటల్లో సరిచేయాలి. అక్షరం చెప్పని సంగతికి ఈ చట్టం అవసరమైంది.

ఇల్లు కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చలిదేశాలకు చెప్పింది. ఆ ఇంట్లో తెల్లవారుజామున మేము చూసినప్పుడు 12, 13 ఉండేది.

లెక్క ఎట్లా తేలింది

మార్చిలో మా వాళ్లు ఇల్లు మారారు. ఈసారి ముందు అక్షరం, తరువాతే వంటగది. 'సి', 71 మార్కులు. 1990లలో కట్టినది, చిన్నది, వీధి అందంగా ఉండదు, ఆసుపత్రికి బస్సెక్కాలి. అద్దె నెలకు 90 పౌండ్లు ఎక్కువ. మరుసటి శీతాకాలం వాళ్లకు రోజుకు 5, 6 పౌండ్లకంటే కాలేదు. గ్యాసు ధర కొంత తగ్గిన మాట కూడా నిజమే. ఏడాది మొత్తంమీద, ఆరు నెలల చలికి ఆదా అయినది, పన్నెండు నెలల అద్దెలో ఎక్కువ కట్టినది, రెండూ కూడి చూస్తే అటు ఇటుగా సమానం, పైపెచ్చు బస్సు ఛార్జీలు. డబ్బులో లాభం వచ్చిందని నేను చెప్పను. అల్లుడు చొక్కాతో పడుకుంటున్నాడు. మనవడి దగ్గు ఇంటివల్లే తగ్గిందో వయసువల్ల తగ్గిందో డాక్టరు కూడా చెప్పలేదు.

బిడ్డలు ఆ దేశంలో ఉన్నవారికి నా మనవి ఒక్కటే. వారు ఇల్లు చూడబోతున్నామంటే, సంతకానికి ముందే పత్రంలో రెండో భాగం కూడా చదవమనండి. అక్షరం వెనుక గోడలు, కప్పు, కిటికీలు, బాయిలరు ఒక్కొక్కటి ఎట్లున్నాయో, ఏం చేస్తే ఎన్ని మార్కులు పెరుగుతాయో అక్కడ రాసి ఉంటుంది. గోడల వరుసలో 'చాలా బలహీనం' అని ఉంటే, వెళ్లినప్పుడు బీరువాలు జరిపి చూడమనండి. పక్కింటివారిని శీతాకాలం బిల్లు ఎంతని అడగడానికి మొహమాటపడవద్దనండి.

మన మే నెల

ఏప్రిల్ చివర మేము ఊరికి వచ్చేశాం. గోదావరి డెల్టాలో మే నెల ఎట్లుంటుందో నేను చెప్పనక్కరలేదు. అక్కడ వేడిని ఇంట్లో నిలుపుకోలేక బాధ, ఇక్కడ వేడిని బయట ఆపలేక బాధ. మా నాయన కట్టిన పెంకుటింట్లో మధ్యాహ్నం నిద్రపట్టేది. నేను అప్పుచేసి కట్టిన శ్లాబు ఇంట్లో రాత్రి పదకొండైనా కప్పు పెనంలా కాలుతుంటుంది. పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది.

మన దేశంలో ఫ్రిజ్జులకు, ఏసీలకు నక్షత్రాల గుర్తు 2006లో మొదలైంది. ఇండ్ల గోడలకు, కప్పుకు నియమావళి 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత పేరుతో వచ్చింది. గోడలు, కిటికీలగుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని అందులో ఉంది. అయితే అది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టే నివాస భవనాలకు ఉద్దేశించినది. మన పల్లె ఇంటి జోలికి రాదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లరంగో, తెల్ల పలకలో కప్పుమీద వేయాలని. అదీ 600 గజాలు దాటిన స్థలాల ఇండ్లకే తప్పనిసరి, చిన్న ఇండ్లకు ఇష్టమైతే. హైదరాబాదులో టు-లెట్ బోర్డులు ఎన్నో చూశాను. నీళ్లు ఇరవైనాలుగు గంటలు అని ఉంటుంది, శాఖాహారులకే అని ఉంటుంది. మే నెలలో గది ఎన్ని డిగ్రీలుంటుందో ఏ బోర్డుమీదా లేదు.

ఇక చివరగా నా సంగతి ఒప్పుకోవాలి. మా మేడమీద ఒక గది, వంటిల్లు ఉన్నాయి. మా పంచాయతీలో పనిచేసే ఒక ఆరోగ్య కార్యకర్త, ఆమె ఇద్దరు పిల్లలు అందులో అద్దెకుంటారు. మేము ఇంగ్లాండు వెళ్లకముందు ఏడాది ఆమె ఒకటి రెండుసార్లు, "మాస్టారూ, పైన వేడికి పిల్లలు పడుకోలేకపోతున్నారండీ" అని చెప్పింది. నేను ఇచ్చిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "కిటికీలు తెరిచి పడుకోండమ్మా" అన్నాను.

ఆ మే నెల రెండోవారంలో మేస్త్రీని పిలిచి మేడ కప్పుమీద తెల్లని పెంకు ముక్కలు పరిపించాను. సున్నం వేయమన్నాడు గాని వానకు నిలవదని నేనే వద్దన్నాను. పడమటి గోడకు నీడగా తాటాకు పందిరి దింపించాను. పరచకముందు మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో గోడ థర్మామీటరు 40 చూపింది, పరిచిన వారానికి అటువంటి ఎండలోనే 37. మూడు డిగ్రీలే. ఫ్యాను గాలి మాత్రం చల్లగా తగులుతోందని పిల్లలు చెప్పారు.

మేస్త్రీ కూలి ఇచ్చి పంపిస్తుంటే ఆమె మెట్లమీదినుండి దిగి వచ్చింది. చెంగు చేతికి చుట్టుకుంటూ నిలబడి, కాసేపటికి అడిగింది:

"అద్దె ఎంత పెంచుతారు మాస్టారూ?"

పెంచనమ్మా అన్నాను. ఆమె నమ్మినట్లు లేదు. మరునాడు మా ఇంటావిడను కూడా అడిగిందట.